తుపాకీ, పంట, హద్దు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆయుధాల లైసెన్సుల మీద ప్రశ్నలు పంపమని అడిగితే ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి, అటు మహారాష్ట్రలోని సిరొంచ, దెగ్లూర్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా చెలకల మొక్కజొన్న పెడితే అడవిపందులు ఒక్క రాత్రిల తొక్కి పోతున్నయి. మంచె మీద కూసొని డబ్బాలు కొట్టుడు తప్ప వేరే దారి లేదు. ఊర్ల కొందరి దగ్గర కాగితం లేని బర్మార్లున్నయి. నాకు లైసెన్సు ఇస్తరా? పొలం సొంతం కాదు, కౌలుకు చేస్తున్న. (రైతు, సిరొంచ తాలూకా)

జవాబు: అడగవచ్చు. ఆయుధాల చట్టం, 1959లో 13వ సెక్షన్ పంట కాపలాను పేరుపెట్టి చెబుతుంది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలనీ, అది సరిపోదని అధికారి భావిస్తే నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకీకి ఇవ్వవచ్చనీ ఉంది. అంటే మీ ఊళ్లో బర్మారు అంటున్న రకానికే చట్టంలో దారి ఉంది. అయితే అది లైసెన్సున్న దుకాణంలో కొన్నదై, నంబరు ఉన్నదై ఉండాలి. కమ్మరి కొలిమిలో చేయించినది ఎంత బాగా పేలినా పనికిరాదు.

కౌలు గురించి: చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. ఈ మాట చాలామందికి తెలియదు, కౌంటర్ దగ్గరే వెనక్కి వచ్చేస్తారు. భూమి యజమాని పేరున ఉన్న సాత్‌బారా ఉతారా (భూమి రికార్డు నకలు), ఆయన రాసిచ్చిన కౌలు కాగితం, పంట నష్టానికి ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలు, అటవీ సిబ్బంది చేసిన పంచనామా నకళ్లు జతచేయండి. నష్టం జరిగినట్టు ప్రభుత్వ కాగితమే చూపిస్తే అవసరం నిజమా కాదా అన్న చర్చ సగం తగ్గుతుంది.

దరఖాస్తు ఎ-1 ఫారంలో జిల్లా కలెక్టర్ కార్యాలయానికి వెళ్తుంది. ఫొటోలు, గుర్తింపు, చిరునామా, వయసు రుజువు (21 నిండాలి), వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రత శిక్షణ పత్రం, ఇంట్లో తుపాకీ ఎక్కడ ఎలా దాస్తారో రాసిన హామీపత్రం కావాలి. తర్వాత ఫైలు మీ ఠాణాకు విచారణకు పోతుంది. 2016 ఆయుధాల నియమావళి ఈ నివేదికకు పెట్టిన గడువు 30 రోజులు. ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్‌లో ఒక ఊరు, రేషన్ కార్డులో మరో ఊరు ఉండటం, పాత తగాదా కేసు కొట్టేసినా ఠాణా రికార్డులో పెండింగులోనే ఉండటం, తాళం వేసే చెక్కపెట్టె కూడా ఇంట్లో లేకపోవడం సాధారణంగా కనబడే కారణాలు. కేసు కొట్టేసిన తీర్పు నకలు ముందే పెడితే నెలల ఆలస్యం తప్పుతుంది. నిరాకరిస్తే కారణం రాతలో అడగండి. ఆ ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 30 రోజులు.

ఇంతవరకు చెప్పింది తుపాకీ పట్టుకోవడానికి అనుమతి. పందిని కాల్చడానికి అనుమతి వేరు, దాన్ని అటవీశాఖ ఇస్తుంది. 2022 సవరణ తర్వాత అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. నిలిచి ఉన్న పంటకు ప్రమాదమైతే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. ఆ కాగితం లేకుండా కాలిస్తే తుపాకీ లైసెన్సు మిమ్మల్ని కాపాడదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకుంటే అది మరో కేసు. ఏనుగు, ఎలుగు, చిరుత, పులి మొదటి షెడ్యూల్లోవి. పంట తిన్నాయని వాటిని చంపడానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. గడ్చిరోలిలోకి కొన్నేళ్లుగా ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఏనుగులు దిగుతున్నాయి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాం. పక్షులను కొట్టే చిన్న గుళ్లతో కాల్చి ఏనుగును బెదిరిస్తే అది పారిపోదు, మీ మీదికే వస్తుంది.

లైసెన్సు వచ్చాక కూడా ప్రాణాలు పోయేది రాత్రి కాల్పుల్లోనే. పొదల్లో అలికిడి విని కాల్చకండి, కాపలాకు వచ్చిన పక్క రైతు కూడా అలాగే కదులుతాడు. టార్చిలో జంతువు మొత్తం కనబడాలి, దాని వెనక ఏముందో తెలియాలి. మంచె ఎక్కేముందు తుపాకీ ఖాళీగా ఉండాలి. తుపాకీ గుర్రం (మందును పేల్చే సుత్తి) కొట్టినా పేలకపోతే మూతిని జనం లేని వైపు పట్టి కనీసం ఒక నిమిషం కదలకుండా ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఒకసారి కూరిన సంగతి మరిచి రెండోసారి కూరితే గొట్టమే పగులుతుంది. తూటాల్లోని పొగరాని మందును బర్మారులో పోసినా అంతే.

కరెంటు తీగలు, పిండిలో చుట్టిన నాటు బాంబులు పెట్టేవాళ్లకు ఒక్క మాట. ఆ తీగకు ముందు దొరికేది పొరుగింటి పిల్లాడు కావచ్చు, ఆ బాంబు కొరికేది మీ ఎద్దే కావచ్చు. దయచేసి మానేయండి.

ప్రశ్న: మా మామగారు పోయిన తర్వాత అటకమీద ఆయన తుపాకీ కనిపించింది. లైసెన్సు పుస్తకం చెదలు తినేసింది. పోలీసులకు చెబితే మమ్మల్నే పట్టుకుంటారని మా ఆయన భయం. ఏం చెయ్యాలి? (గృహిణి, గుణుపురం)

జవాబు: అమ్మా, ముందు దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. పాత తుపాకీలో కూరిన తుపాకీ మందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా పేలుతుంది. తెలిసినవాళ్లు కూరు కడ్డీని గొట్టంలోకి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కడ్డీ అడుగు దాకా పోకపోతే లోపల మందు ఉన్నట్టే. ఈ పని ఇంట్లోవాళ్లు చేయవద్దు. మూతి గోడవైపు ఉంచి గది తాళం వేయండి.

లైసెన్సుదారు మరణించినా, లైసెన్సు గడువు తీరినా ఆయుధాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమచేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. అలా జమచేయడం మీ బాధ్యత, నేరం కాదు. సంచిలో చుట్టి బస్సులో తీసుకెళ్లకండి, దారిలో తనిఖీ జరిగితే లైసెన్సు లేని ఆయుధంతో దొరికినట్టవుతుంది. ఆయన మరణించిన తేదీ, తుపాకీ ఎప్పుడు ఎక్కడ కనిపించింది అన్నది రాసి అర్జీ ఇవ్వండి. ఇంటికే వచ్చి స్వాధీనం చేసుకోమని అడగండి. స్టేషన్ డైరీలో నమోదు, రసీదు రెండూ తీసుకోండి. రసీదు లేకుండా తుపాకీ చేతికివ్వకండి. పుస్తకం పోయినా కలెక్టర్ కార్యాలయం లైసెన్సు రిజిస్టరులో మీ మామగారి పేరు, తుపాకీ నంబరు ఉండాలి. ఆ నకలు మీ భయాన్ని చాలావరకు తీరుస్తుంది. అక్కడ పేరే లేదంటే వకీలును వెంటబెట్టుకుని అర్జీ ఇవ్వండి.

ఇంట్లో ఎవరైనా ఉంచుకోదలిస్తే వారసుడిగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలు కావాలి. బతికుండగానే బదిలీ చేసే వీలూ ఉంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా వారసుడి పేరున అడగవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ పని ఇప్పుడే చేసుకోండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది.

లైసెన్సే లేకుండా ఉంచుకుంటే శిక్ష రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. తయారుచేసినా అమ్మినా కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా. లైసెన్సున్న తుపాకీని ఊరి కమ్మరితో బాగుచేయించినా ఆయన చిక్కుల్లో పడతాడు, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: అమెరికాలో తుపాకీ రాజ్యాంగ హక్కు. మంచివాళ్ల చేతిలో తుపాకులుంటే దొంగలు భయపడతారని నా స్నేహితుల వాదన. మనకు ఆ హక్కు ఎందుకు లేదు? ఉంటే నేరాలు తగ్గుతాయా? (విద్యార్థి, దెగ్లూర్)

జవాబు: ఆ హక్కు ఇచ్చే అమెరికా రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది. అది వ్యక్తి హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. ఇంటి బయట పట్టుకు తిరగడానికీ వర్తిస్తుందని 2022లో బ్రూయెన్ కేసులో చెప్పింది. అయినా గృహహింస నిషేధ ఉత్తర్వు ఉన్నవారి నుంచి తుపాకీ తీసేయవచ్చని 2024లో రహీమీ కేసులో ఒప్పుకుంది. హక్కున్న చోట కూడా హద్దు ఎక్కడన్న తగవు తెగలేదన్నమాట.

మన దగ్గర కథ వేరు. భారతీయులను నిరాయుధులను చేసిన 1878 చట్టం మీద కోపంతో 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆయుధం ధరించే హక్కును, నియంత్రణలకు లోబడి, చేర్చారు. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ 1948లో దాన్ని ప్రాథమిక హక్కుగా పెట్టమని సవరణ తెచ్చారు, అంబేడ్కర్ అంగీకరించలేదు. చివరికి 19వ అధికరణం ఇచ్చినది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమికూడే హక్కు. ఇది మరిచిపోయి వచ్చిన లోటు కాదు, చర్చించి తీసుకున్న నిర్ణయం.

ఇక నేరాలు. పట్టుకు తిరిగే అనుమతులు పెరిగితే నేరాలు తగ్గుతాయా పెరుగుతాయా అని 2004లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి కమిటీ చూసింది. ఉన్న ఆధారాలతో ఏదీ తేల్చలేమంది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు జరిపిన కాల్పుల్లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా సుమారు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి కొంది. ఆ తర్వాత అక్కడ తుపాకీ మరణాలు తగ్గాయి, అందులో చట్టం వాటా ఎంతన్న దానిమీద పరిశోధకుల్లో వాదన ఉంది. మీ స్నేహితులతో ఈ అనిశ్చితిని దాచకుండా మాట్లాడండి.

కానీ ఒక విషయంలో అనిశ్చితి తక్కువ. 2021లో అమెరికాలో తుపాకీతో పోయినవారు 48,830. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు, హత్యకు గురైనవారు 20,958. దొంగ కోసం ఇంట్లో పెట్టుకున్న ఆయుధం దొంగ కంటే ముందు ఇంటివారి చేతికే అందుతోంది. మన పత్తి రైతులకు ఇది కొత్త సంగతి కాదు. పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉండటం ఒక చెడ్డ గడియను మరణంగా ఎలా మారుస్తుందో మనం చూస్తూనే ఉన్నాం. అత్యంత విషపూరితమైన మందులను శ్రీలంక నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కాబట్టి లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నదాంతో పాటు ఇంట్లో తాళం ఎక్కడ, తాళంచెవి ఎవరి దగ్గర అన్న ప్రశ్న కూడా అంతే పెద్దదని మా అభిప్రాయం. ఇంట్లో ఎవరైనా దిగులుతో ఉంటే తుపాకీని కొన్నాళ్లు డీలరు దగ్గర జమచేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ 14416కు ఫోన్ చేయించండి.

మన దేశంలో ప్రజల దగ్గర సుమారు 7.11 కోట్ల తుపాకులు ఉన్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2018లో అంచనా వేసింది. నమోదైనవి 97 లక్షలు మాత్రమే. లైసెన్సు ఇవ్వకపోవడమే నియంత్రణ అనుకునే అధికారులకు ఈ అంకె చూపించాలి. నిజమైన అవసరం ఉన్న రైతుకు కారణం రాయకుండా ఏళ్లతరబడి ఫైలు ఆపితే, అతను కమ్మరి దగ్గరికి పోతాడు. అప్పుడు తుపాకీ ఉంటుంది, దాని నంబరు, శిక్షణ, తాళం ఉండవు.

ప్రశ్న: బంగారం దుకాణం ఉంది. రివాల్వర్ ఉంటే దొంగను కాల్చవచ్చా? (వ్యాపారి, జయపురం)

జవాబు: లైసెన్సు ఉన్నా, కాల్చే హక్కు దానితో రాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించి. ప్రాణానికి లేదా తీవ్ర గాయానికి నిజమైన భయం ఉంటే 38వ సెక్షన్ ప్రాణం తీసే దాకా అనుమతిస్తుంది. దోపిడీ, రాత్రి వేళ ఇల్లు పగలగొట్టడం వంటివాటిలో ఆస్తి కోసం 41వ సెక్షన్ వర్తిస్తుంది. అవసరానికి మించిన హాని చేయకూడదని 37వ సెక్షన్. వీపు చూపించి పారిపోతున్నవాడిని కాలిస్తే ఈ రక్షణ నిలవడం కష్టం. సంచి పట్టుకుని బజారులో పరుగెత్తేవాడి వెనక మీ పొరుగు దుకాణాలే ఉంటాయి. మంచి షట్టర్, బ్యాంకు లాకరు, కెమెరాలు, నగదు తీసుకెళ్లే వేళలు మార్చడం ముందు చేయండి. పెళ్లిళ్లలో గాలిలోకి కాల్చేవారికీ చెబుతున్నాం: నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: ఎన్నికలు రాగానే తుపాకీ జమచేయమంటారు. పంట చేతికొచ్చే కాలమైతే ఎలా? (రాయగడ)

జవాబు: అందరి దగ్గరా గంపగుత్తగా తీసుకోవాలని లేదు. బెయిల్ మీద ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, అల్లర్లలో పాల్గొన్నవారు వంటి వర్గాలను జిల్లా స్క్రీనింగ్ కమిటీ పరిశీలించి నిర్ణయిస్తుంది. పంట కాపలాకని వెంటనే ఆ కమిటీకి అర్జీ పెట్టండి. ఉత్తర్వు వచ్చేదాకా మాత్రం జమచేయండి, రసీదులో నంబరు, తూటాల లెక్క సరిచూసుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాం, కొంత పొలం పాతపట్నం వైపు ఉంది. ఇక్కడి లైసెన్సు తుపాకీ అక్కడికి పట్టుకెళ్లొచ్చా?

జవాబు: లైసెన్సు పుస్తకంలో చెల్లుబాటు ప్రాంతం గడి చూడండి. పంట కాపలా లైసెన్సైతే ఏ పొలానికి ఇచ్చారో ఆ హద్దు వరకే. అటువైపు పొలం ఆంధ్రప్రదేశ్‌లోది కాబట్టి నది గానీ రోడ్డు గానీ దాటగానే లైసెన్సు లేనట్టే లెక్క. చెల్లుబాటు పెంచమని మీ గజపతి జిల్లా కలెక్టర్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, రెండు వైపులా భూమి పత్రాలు జతచేయండి. అనుమతి పుస్తకంలో రాసి, ముద్ర పడిన తర్వాతే కదలండి. అప్పుడు కూడా తుపాకీ ఖాళీగా, సంచిలో ఉండాలి. తూటాలు విడిగా ఉండాలి. అసలు పుస్తకం చేతిలో ఉండాలి, చెక్‌పోస్టులో జిరాక్సు చూపిస్తే ఒప్పుకోరు. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు. అది తీరడానికి కనీసం 60 రోజుల ముందే పునరుద్ధరణకు పెట్టండి.