హోస్టా ఆకు మీది నీలం

చిన్నీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మే నెలలో ఆకులు అంత నీలంగా ఉన్న హాల్సియన్ రకం హోస్టా మొక్క జులైకల్లా పచ్చబడిపోయిందని టెన్షన్ పడకు. నర్సరీ వాళ్లు మోసం చేయలేదు, మొక్కకు జబ్బూ రాలేదు. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది చూడు, ఈ ఆకు మీదున్నదీ అలాంటి మైనం పూతే. కింద ఉన్నది మామూలు పచ్చటి ఆకు. కావాలంటే ఒక ఆకు అంచుని బొటనవేలితో మెల్లగా రుద్దు, వేలు తగిలినంత మేరా పచ్చగా తేలుతుంది. ఒక్కసారే సుమా! పోయిన పూత ఆ ఆకుకి మళ్లీ రాదు.

వేసవి ముదిరేకొద్దీ ఆ పూత ఎలాగూ కొంత పోతుంది. మనం తొందరపెట్టకుండా ఉంటే చాలు. పైపుతో ఆకుల మీద నీళ్లు కొట్టకు, మొక్క మొదలు దగ్గర పారించు. మనవాళ్లకి ప్రతి పురుగుకీ వేపనూనె అలవాటు కదా, దీనికి మాత్రం వద్దు. నూనె, సబ్బు నీళ్లు రెండూ మైనాన్ని వదలగొడతాయి.

అసలు తప్పు చోటుది. పడమటి గోడ పక్కన పెట్టావు, మధ్యాహ్నం ఎండంతా దాని మీదే. పొద్దున ఎండ కాస్త తగిలి, తర్వాత నీడ పడే చోటు చూడు. అలాగని మేపుల్ చెట్టు కింద మాత్రం పెట్టకు. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నేను పెట్టాను. మూడేళ్లయినా ఎదగకపోతే తవ్వి చూశాను. కుదురు నిండా మేపుల్ వేళ్లు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించేసరికి పూట పట్టింది.

సెప్టెంబరు మొదట్లో మార్చు. ఇప్పుడున్న లోతులోనే నాటి, కాస్త కంపోస్టు కలుపు. మంచు పడగానే ఆకులు వాలి ముద్దయిపోతాయి, చచ్చిందని పీకేయకు. ఆ చలినిద్ర లేకపోతే అది మళ్లీ సరిగా లేవదు. రాజమండ్రిలో అమ్మకి ఒక పిలక తీసుకెళ్తానన్నావు కదా, అందుకే వద్దంటున్నాను.

నత్తల బెడద దీనికి తక్కువే, ఆకు మందం. జింకలు అలా కాదు, రాత్రికి రాత్రే కాడలు మిగిల్చి పోతాయి. వసంతంలో మొలకలు రాగానే వల కట్టు. నాలుగైదేళ్లకి గానీ నిండుగా పెరగదు, అప్పటిదాకా విడదీయకు.

చోటు అనుకున్నాక పొద్దున తొమ్మిదికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి ఫోటో తీసి పంపు. నీడ చూసి చెబుతాను.

పెద్దమ్మ