చేపల బ్యాక్టీరియా జీనోమ్ చదివిస్తే మందు దొరికినట్టేనా?

కాదు, జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే బ్యాక్టీరియా డీఎన్ఏ మొత్తాన్ని చదవడం, మందు ఇవ్వదు. చేపను చంపుతున్నది ఏ రకం బ్యాక్టీరియానో, ఏ యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు అందులో ఉన్నాయో చెబుతుంది. ల్యాబ్‌లో చేసే పీసీఆర్ పరీక్ష మనం వెతికిన జన్యువునే చూస్తుంది, సీక్వెన్సింగ్ మొత్తం డీఎన్ఏ చదువుతుంది. చేపలకు జబ్బు తెచ్చే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాలో అది సుమారు 47 లక్షల డీఎన్ఏ అక్షరాలు. 2009లో అమెరికాలోని అలబామా క్యాట్‌ఫిష్ చెరువులను ఊడ్చేసిన ఈ బ్యాక్టీరియా రకం, చైనా కార్ప్ చేపల్లో దొరికినదానికి దగ్గరి చుట్టమని తేలింది ఇలాగే.

చెన్నైలో ఉంటూ నెల్లూరు చెరువులు చూసుకునేవాళ్లు, రిపోర్టులో నిరోధక జన్యువు లేదంటే మందు పనిచేస్తుందనుకుంటారు. అది ఖాయం కాదు, ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి ఆ మందుతో పరీక్షించాల్సిందే. శాంపిల్ కూడా జబ్బు చేపదే కావాలి. ఏరోమోనాస్ మంచి చెరువు నీళ్లలోనూ ఉంటుంది మరి.