హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు ఇంతలా పెరగడానికి ఐటీ జీతాలే కారణమా?

కాదు. నేనూ ఐటీలోనే ఉన్నాను. నా జీతానికి అంత శక్తే ఉంటే ఈపాటికి సొంతింటివాణ్ణి అయ్యేవాణ్ణి. నన్నడిగితే అసలు దోషి ప్రభుత్వం వేసే భూముల వేలం.

2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపొలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. 2021లో అక్కడే గరిష్ఠంగా పలికింది 60.2 కోట్లు. పేపర్లకు పండగే పండగ. సరిగ్గా ఆ వారాంతమే మేం కోకాపేట పక్కనే ఉన్న నార్సింగి వైపు ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇవ్వడానికి వెళ్లాం. రేటు ముందే మాట్లాడుకున్నాం, చెక్కు రాయడమే తరువాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరైన మామయ్య కూడా వచ్చారు.

సేల్స్ కుర్రాడు కాఫీ ఇప్పించి కొత్త షీటు ముందు పెట్టాడు. ఎస్ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకి, వెయ్యి పెరిగింది! ఇదేంటంటే, "మొన్నటి వేలం చూశారు కదా సార్" అన్నాడు.

"ఈ స్థలం మీవాళ్లు ఎప్పుడు కొన్నారు బాబూ?" అని అడిగారు మామయ్య.

"చాలా ఏళ్లయింది సార్. మా చైర్మన్ గారిది ముందుచూపు."

"మరి ఎప్పుడో కొన్న నేలకి మొన్నటి వేలంతో ఏం పని నాయనా?"

కుర్రాడు నవ్వేసి, క్లబ్‌హౌస్ మోడల్ చూపిస్తానని లేచాడు.

ఆ షీటు గురించి కూడా చెప్పాలి. ఈస్ట్ ఫేసింగ్‌కి వేరే డబ్బులు, పై అంతస్తుకు వేరే, పార్కింగ్‌కి వేరే. ఇంటి లోపల మనం వాడుకునే కార్పెట్ ఏరియా లెక్కన అమ్మాలని 2016లోనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) వచ్చినా, రేటు చెప్పేది మాత్రం ఇప్పటికీ ఉమ్మడి స్థలాలు కూడా కలిపిన సూపర్ బిల్టప్ మీదే. లిఫ్టు ముందు నిలబడే చోటుకీ మనమే కట్టాలి.

భూమి కొరత అంటారా? ముంబైలా మనకు సముద్రం అడ్డం లేదు. ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. ముంబైలోలా, ఇంత స్థలంలో ఇంతే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి కూడా 2006 నుంచి లేదు. వేలంలో కొన్నవాడు టవర్ లేపి అమ్మేసరికి ఏళ్లు పడుతుంది. చుట్టుపక్కల భూమి ఉన్నవాళ్లు మాత్రం మర్నాటి నుంచే ఆ అంకె పట్టుకుంటారు. మా మామయ్యతో సహా! శంకర్‌పల్లి దగ్గర తన 200 గజాలకు ఎవరైనా బేరానికొస్తే, "కోకాపేటలో ఎంత పలికిందో చూశారుగా" అంటున్నారు. ఇక ప్రభుత్వానికి వేలంలో ఒకసారి, మన రిజిస్ట్రేషన్‌లో ఇంకోసారి డబ్బు వస్తుంది. ధర తగ్గితే దానికే నష్టం.

కొనబోయేవాళ్లు ఈస్ట్ ఫేసింగ్, పార్కింగ్ డబ్బుల దగ్గర గట్టిగా బేరమాడండి, దిగొస్తారు. అమ్మకాలు మందగిస్తే మాడ్యులర్ కిచెన్ కూడా ఉచితంగా ఇస్తామంటారు. బేస్ రేటు మాత్రం కదలదు. అది తగ్గించారంటే, ముందే కొన్నవాళ్లంతా సైట్ ఆఫీసుకొచ్చి గొడవకు దిగుతారు.