పిల్లికి జత ఏది?

ప్రశ్న: మా యూకేజీలో వచ్చే వారమంతా పాటలు, ప్రాసలు, చదవడం. పిల్లలు రైమ్స్ గడగడా చెప్పేస్తారు. 'పిల్లి'కి ప్రాస మాట అడిగితే మాత్రం 'కుక్క' అంటున్నారు. టెన్షన్‌గా ఉందండీ.
– ఒక టీచర్, తెనాలి

జవాబు: కంగారు పడకమ్మా. వాళ్లు అర్థం చూసి జత కలుపుతున్నారు, చెవిని శబ్దం వైపు తిప్పాలి అంతే. పద్దెనిమిదేళ్లు ఆ వయసు వాళ్లకే చెప్పాను. మొదటి రెండు రోజులు పలక తీయించొద్దు. గుడ్డసంచిలోంచి అట్టు, చెట్టు, మెట్టు బొమ్మలు ఒక్కొక్కటే తీసి పలికించండి. బహువచనాలు మాత్రం వద్దు. బంతులు, కుక్కలు, పూలు అన్నీ 'లు'తోనే ఆగుతాయి, పిల్లలు అదే ప్రాస అనుకుంటారు. మన పద్యాల్లో ప్రాస రెండో అక్షరం మీద కదా, చిన్న మాటల్లో పిల్లలకూ పట్టు అక్కడే దొరుకుతుంది.

ఒకసారి ఓ బాబు 'టిల్లి' అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడి కళ్లలో నీళ్లు. బోర్డు మీద రాసి అందరితో చప్పట్లు కొట్టించాను. మాట లేకపోయినా వాడి చెవి సరిగ్గా విన్నది!

గురువారానికి 'ల్లి' అని పెద్ద అట్ట రాసి, దాని ముందు పి, బ, మ, త అట్టలు మార్చండి. నాలుగు మాటలూ వాళ్లే చదివేస్తారు.