ఆసుపత్రి పక్కన కాదమ్మా, రైలు దారి మీద కొనుక్కో

సింధూ,

నువ్వు పంపిన తొమ్మిది ఇళ్లూ చూశాను. రాత్రి పదకొండు దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటే మీ మామయ్య "కొనేది నువ్వా, అదా" అని విసుక్కున్నాడు. తొమ్మిదింట్లో ఆరు బర్మింగ్‌హామ్‌లో మీ క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రికి రెండు మైళ్ల లోపే ఉన్నాయి, నువ్వు ఎలా వెతుకుతున్నావో నాకు అక్కడే తెలిసిపోయింది. నైట్ డ్యూటీ అయ్యాక నడుచుకుంటూ వచ్చి మంచం మీద పడిపోవాలి, అంతే కదా? నేనూ సరిగ్గా అలాగే వెతికాను. 1989 అక్టోబర్‌లో ఆసుపత్రి గేటుకి ఏడు నిమిషాల నడకలో రెండు పడకగదుల టెర్రస్ ఇల్లు, అంటే రెండు పక్కలా గోడలు కలిసి వరుసగా ఉండే ఇల్లు, కొన్నాం, అప్పటికి ఇక్కడి బ్యాంకు వడ్డీ దాదాపు 15 శాతం. ఏడాదిన్నర తిరక్కుండా నా ఉద్యోగం ఊరికి ఆ చివరకి మారింది. ఈలోపు ఇళ్ల ధరలు పడిపోయాయి, అమ్మితే వచ్చేదాని కంటే బ్యాంకుకి కట్టాల్సిందే ఎక్కువ. ఆరేళ్లు ఆ ఇంట్లోంచి రోజూ కారు తీసి, ఆ గేటు ముందు నుంచే వెళ్లి, ముప్పావుగంట అవతల ఉన్న ఇంకో ఆసుపత్రికి పోయేదాన్ని.

నీకు డాక్టరు ట్రైనింగ్ ఇంకా రెండేళ్లుంది. ఆ ట్రైనింగ్ పోస్టులు వేసే వెస్ట్ మిడ్‌లాండ్స్ డీనరీ అంటే ఒక్క బర్మింగ్‌హామే కాదు, స్టోక్, ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్ కూడా అందులోనివే. అది అయ్యాక కన్సల్టెంట్ పోస్టు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే పోవాలి. పోనీ నువ్వు కదలకపోయినా ఆసుపత్రులే కదిలిపోతాయి, అది మాత్రం నేను అనుకోలేదు. సిటీ ఆసుపత్రి, శాండ్‌వెల్ ఆసుపత్రి రెండింటి ఎమర్జెన్సీ విభాగాలూ 2024 అక్టోబర్, నవంబర్‌లలో స్మెథిక్‌లో కొత్తగా కట్టిన మిడ్‌లాండ్ మెట్రోపాలిటన్ ఆసుపత్రికి వెళ్లిపోయాయి. అది 2018లోనే తెరవాల్సింది, కడుతున్న కంపెనీ ఆ ఏడాది జనవరిలో దివాలా తీసింది. ఆ కొత్త ఆసుపత్రి వస్తోందని ముందే దాని పక్కన కొన్నవాళ్లు క్రేన్లు చూస్తూ కూర్చున్నారు, పాత ఆసుపత్రి పక్కన కొన్నవాళ్లకేమో ఆ దగ్గర అన్న సుఖమే పోయింది.

అందుకని మ్యాపులో ఆసుపత్రి చుట్టూ గీసిన గుండ్రం చెరిపేసి, రైలు గీత గియ్యి. క్రాస్ సిటీ లైను చూడు, లిచ్‌ఫీల్డ్ దగ్గర మొదలై సటన్ కోల్డ్‌ఫీల్డ్, న్యూ స్ట్రీట్, యూనివర్సిటీ, బోర్న్‌విల్, కింగ్స్ నార్టన్, నార్త్‌ఫీల్డ్, లాంగ్‌బ్రిడ్జ్ మీదుగా రెడిచ్, బ్రోమ్స్‌గ్రోవ్ దాకా పోతుంది. యూనివర్సిటీ స్టేషన్‌లో దిగితే మీ ఆసుపత్రి నాలుగడుగులు. సటన్‌లో దిగితే గుడ్ హోప్ ఆసుపత్రి, రెడిచ్‌లో దిగి బస్సెక్కితే అలెగ్జాండ్రా. ఒకే రైలు మీద మూడు ఆసుపత్రులు! పోస్టు మారినా ఇల్లు మారక్కర్లేదు. అల్లుడుగారు వారానికి రెండు రోజులు లండన్ పోవాలన్నా న్యూ స్ట్రీట్‌లో దిగి యూస్టన్ బండి ఎక్కడమే. నువ్వు మనసు పడ్డ హార్బోర్న్‌కి మటుకు అసలు రైలే లేదు. ఒకప్పుడు ఉండేది, 1934లో ప్రయాణికులకి ఆపేశారు, ఇప్పుడు ఆ దారిలో జనం కుక్కల్ని తిప్పుకుంటారు. హై స్ట్రీట్ బాగుంటుంది, కాఫీ బాగుంటుంది, కాదనను. నీ నైట్ డ్యూటీలకి పనికొస్తుంది, నీ తర్వాతి పోస్టుకి పనికిరాదు.

ఇంకో మాట, వచ్చే రైలుని నమ్ముకుని కొనొద్దు, ఉన్న రైలుని చూసి కొను. లండన్ నుంచి హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలు వస్తుంది, సొలిహల్ పక్కన ఇంటర్‌చేంజ్ స్టేషన్ వస్తుంది అని ఏజెంట్లు పదేళ్లుగా చెబుతున్నారు. 2023 అక్టోబర్‌లో బర్మింగ్‌హామ్ దాటి మాంచెస్టర్ దాకా పోవాల్సిన భాగం రద్దు చేశారు, మిగిలిన ముక్క 2033కి కూడా పూర్తి కాదని 2025లో ప్రభుత్వమే ఒప్పుకుంది. మీ బాబుకి ఇప్పుడు మూడున్నర. ఆ రైలు ఎక్కేటప్పటికి వాడికి మీసాలొస్తాయేమో.

ఇప్పుడు అసలు సంగతి, ఇది చదివేటప్పుడు కాస్త కూర్చో. మీ నాన్న నీ పెళ్లికి బ్రాడీపేటలో ఫ్లాట్ నీ పేర రిజిస్టర్ చేయించాడు కదా, అది ఇక్కడ నీ మెడకి చుట్టుకుంటుంది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి స్టాంప్ డ్యూటీలో తగ్గింపు ఉందని నువ్వు లెక్క వేసుకున్నావు. ఇక్కడి చట్టంలో మొదటిసారి అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు ఉండకూడదు అని. తాత నుంచి వాటాగా వచ్చినా సరే లెక్కే. అక్కడితో అయిపోలేదు. ఎక్కడైనా 40,000 పౌండ్లో అంతకు మించో విలువ చేసే ఇల్లు నీకు ఉండగా ఇక్కడ కొంటే, మొత్తం ధర మీద ఇంకో 5 శాతం అదనం. 40,000 పౌండ్లంటే ఇప్పటి రేటులో 45 లక్షల పైమాటే, బ్రాడీపేటలో ఆ ఫ్లాట్ దాన్ని ఎప్పుడో దాటింది. నువ్వు అనుకుంటున్న 4,00,000 పౌండ్ల ఇంటికి లెక్క చెబుతాను విను: మొదటిసారి కొనేవాళ్లయితే 5,000, మామూలుగా అయితే 10,000, ఆ అదనం పడితే 30,000. "అయితే మా ఆయన పేర ఒక్కడి పేరే పెడతాం" అంటావని తెలుసు. ఆ అదనం విషయంలో మొగుడూ పెళ్లాలని ఒక్కటిగానే చూస్తారమ్మా, కలిసి కాపురం చేస్తున్నంత కాలం. కొనే రోజుకి ఆ ఫ్లాట్ నీ పేరున లేకపోతే ఆ 5 శాతం తప్పుతుంది కానీ, ఒకసారి నీ పేరున ఉంది కాబట్టి మొదటిసారి తగ్గింపు మాత్రం నీకు ఇక రాదు. మీ నాన్నకి తిరిగి రాసిచ్చేస్తే అక్కడ గుంటూరులో ఏ పన్ను పడుతుందో, ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుందో, రెండూ కనుక్కున్నాకే కదులు. ఇంటి కాగితాలు చూసే లాయరుకి, అదే సాలిసిటర్‌కి, ఈ మాట మొదటి రోజే చెప్పు, ఆఖరి వారంలో చెప్పి మొత్తం పోగొట్టుకున్న కుర్రవాళ్లని చూశాను.

మీ నాన్న ఇంటికి మనం ముందుగా కట్టాల్సిన డిపాజిట్‌కి డబ్బు పంపుతానంటున్నాడు కాబట్టి అదీ చెప్పేస్తాను. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి బయటికి పంపగలిగేది రెండున్నర లక్షల డాలర్ల దాకా, అది మనకి చాలు. ఇక్కడ మాత్రం ఆ డబ్బు ఎలా వచ్చిందో సాలిసిటర్ అడుగుతాడు, పొలం అమ్మిన కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరిగి ఇవ్వక్కర్లేదని మీ నాన్న సంతకం పెట్టిన గిఫ్ట్ లెటర్, అన్నీ కావాలి. ఇప్పుడే అడిగి పెట్టుకో, మన ఇంట్లో కాగితం దొరకాలంటే నెల పడుతుంది. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, లేనివాళ్లని కొన్ని బ్యాంకులు ఎక్కువ డిపాజిట్ అడుగుతాయి, ఒక బ్యాంకు కాదంటే టెన్షన్ పడకుండా బ్రోకర్ దగ్గరికి వెళ్లు.

స్కూళ్ల సంగతి. ప్రైమరీకి దరఖాస్తు ఆఖరి తేదీ జనవరి 15, అప్పటికి నువ్వు ఏ ఇంట్లో ఉంటున్నావో ఆ అడ్రసే లెక్క. "మంచి స్కూలు పక్కనే" అని ఏజెంట్ రాసేది పట్టించుకోకు. కౌన్సిల్ వాళ్లు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్లు, కిందటేడు ఆఖరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లకి వచ్చిందో చెబుతారు, దాన్ని చూడు. పేరున్న స్కూళ్లకి అది అర మైలు కూడా ఉండదు. పదకొండేళ్లప్పుడు గ్రామర్ స్కూళ్లు, పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్లు, నాకు తెలుసు నీ మనసు అక్కడే ఉందని. కింగ్ ఎడ్వర్డ్ పేరుతో ఉన్న క్యాంప్ హిల్, ఫైవ్ వేస్, యాస్టన్, హ్యాండ్స్‌వర్త్, అటు సటన్‌లో మగపిల్లలకి బిషప్ వీసీస్, వాల్సాల్‌లో క్వీన్ మేరీస్. ఊరంతా ఆరో తరగతి మొదట్లోనే పరీక్ష రాయిస్తుంది, మార్కులతో పాటు ఇల్లు ఏ పరిధిలో ఉందన్నదీ కొన్నింటికి ముఖ్యమే. సొలిహల్‌లో ప్రభుత్వ గ్రామర్ స్కూలు లేదు, అక్కడ ట్యూడర్ గ్రేంజ్, ఆర్డెన్ లాంటి స్కూళ్ల పరిధిలో కొంటే ఫీజు ఇంటి ధరలోనే కలిపి ఒకేసారి కట్టేసినట్టు. నన్నడిగితే మూడున్నరేళ్ల పిల్లాడి పరీక్ష కోసం ఇప్పుడే లక్ష పౌండ్లు ఎక్కువ పెట్టడం పిచ్చి. మా పెద్దాడు ఆ పరీక్ష తప్పాడు, మామూలు స్కూల్లో చదివి హాయిగానే ఉన్నాడు.

కౌన్సిల్ కూడా చూడాలి, ఇది ఎవరూ చెప్పరు. వీధికి ఇటు బర్మింగ్‌హామ్, అటు సొలిహల్ అయ్యే చోట్లు షిర్లీ వైపు ఉన్నాయి. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబర్‌లో డబ్బుల్లేవని సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, ఆ తర్వాత కౌన్సిల్ ట్యాక్స్ 2024లో దాదాపు 10 శాతం, 2025లో ఇంకో 7.5 శాతం పెంచారు. 2025 మార్చిలో చెత్త తీసేవాళ్లు పూర్తి సమ్మెకి దిగారు, నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావు కాబట్టి ఎలకల గురించి నేను చెప్పక్కర్లేదు. సటన్ వాళ్లని అడిగితే మేం బర్మింగ్‌హామ్ కాదంటారు, 1974 నుంచి వాళ్లదీ అదే కౌన్సిల్.

మీ అత్తగారు గుడికి దగ్గరగా తీసుకోమంటున్నారని రాశావు. టివిడేల్ బాలాజీ గుడి 2006లో తెరిచినప్పుడు మేమంతా వెళ్లి ఏడ్చేశాం, అంత సంతోషం. కానీ సింధూ, నెలకి ఎన్నిసార్లు వెళ్తావు? ఎం5 మోటర్‌వే రెండో జంక్షన్ దగ్గర దిగితే వచ్చేస్తుంది, శనివారం కారు వేసుకుని వెళ్లి పులిహోర తిని రావచ్చు. ఆ చుట్టుపక్కల, టిప్టన్, డడ్లీ, ఓల్డ్‌బరీ అంతా బ్లాక్ కంట్రీ, నేల కింద బొగ్గు తవ్వేసిన దేశం, డడ్లీలో అయితే సున్నపురాయి గుహలు కూడా. కొనొద్దని కాదు, ధర తక్కువ, మనుషులు మంచివాళ్లు. గనుల సెర్చ్ చేయించకుండా మాత్రం సంతకం పెట్టకు, పాత గని నోరు ఇంటి కిందో పక్కనో ఉంటే బ్యాంకు అప్పు ఇవ్వదు, రేపు నీ దగ్గర కొనేవాడికీ ఇవ్వదు. లాంగ్‌బ్రిడ్జ్‌లో కొత్త ఇళ్లు చూస్తే, అది 2005లో మూతపడ్డ రోవర్ కార్ల ఫ్యాక్టరీ స్థలం, నేలని శుభ్రం చేసిన కాగితాలు అడుగు.

లీజ్‌హోల్డ్ అంటే ఫ్లాట్లకే అనుకుంటున్నావు. ఇక్కడ 1960లలో కట్టిన ఇళ్లు కొన్ని 99 ఏళ్ల లీజు మీద ఉన్నాయి, ఒక్క పక్క మాత్రం పక్కింటితో గోడ కలిసిన సెమీ డిటాచ్డ్ ఇళ్లే, తోటా గ్యారేజీ అన్నీ ఉంటాయి, కింద నేల మాత్రం ఇంకొకరిది. 1965 నాటిది అయితే నలభై ఏళ్లు కూడా మిగల్లేదు. ధర చవగ్గా కనిపిస్తే మొదట అదే అడుగు. ఎడ్జ్‌బాస్టన్‌లో కాల్‌థార్ప్ ఎస్టేట్‌కి, బోర్న్‌విల్‌లో 1900లో క్యాడ్‌బరీ పెట్టిన ట్రస్టుకి వాటి సొంత నిబంధనలున్నాయి, కిటికీ మార్చాలన్నా అడగాలి. ఆ బోర్న్‌విల్‌లో ఇప్పటికీ పబ్బు లేదు, మీ మామయ్యకి అదొక్కటే లోటు.

వరద సంగతి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూడు. నది దగ్గర లేకపోయినా వాన నీళ్లు వస్తాయి, 2018 మేలో ఒక్క సాయంత్రం పడ్డ వానకి సెల్లీ పార్క్ మునిగింది. వరద చోట్లలో ఇన్సూరెన్స్ అందుబాటులో ఉంచడానికి ఫ్లడ్ రీ అని పథకం ఉంది, అది 2009కి ముందు కట్టిన ఇళ్లకే. కొత్త ఇల్లు కదా భయం లేదనుకుంటారు, ఇందులో కొత్త ఇంటికే రక్షణ లేదు. బ్యాంకు పంపే వాల్యుయేషన్‌ని సర్వే అనుకోవద్దు, అది బ్యాంకు కోసం. వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లయితే ఇల్లంతా క్షుణ్ణంగా చూసే లెవెల్ 3 సర్వే నీ డబ్బుతో నువ్వు చేయించుకో.

నీ తొమ్మిదింట్లో నాకు నచ్చింది రెండే, కింగ్స్ నార్టన్‌లో 1930ల సెమీ, సటన్ వైపు వైల్డ్ గ్రీన్‌లో ఉన్నది. వైల్డ్ గ్రీన్ నుంచి యూనివర్సిటీకి అరగంట రైలు. కింగ్స్ నార్టన్ ఇంటికి వంటగది చిన్నది, దాన్ని పెంచుకోవచ్చు, రైలు స్టేషన్‌ని తెచ్చుకోలేం. శనివారం మధ్యాహ్నం చూపిస్తామన్నారు కదా, నేనూ వస్తాను. ఈలోపు బుధవారం నీకు ఆఫ్ కాబట్టి అల్లుడుగారిని తీసుకుని పొద్దున ఏడుంబావుకి ఆ వీధిలో కారు ఆపి, స్టేషన్‌కి నడిచి, యూనివర్సిటీ దాకా వెళ్లి రా, పార్కింగ్ ఎలా ఉందో, రైల్లో నిలబడే చోటైనా ఉందో చూసి రాత్రికి ఫోన్ చెయ్యి. బాబుని మా ఇంట్లో దింపి వెళ్లు. బ్రాడీపేట ఫ్లాట్ మాట మీ నాన్నతో నేనే ఎత్తుతాను, నువ్వు చెబితే అలుగుతాడు.

మీ అత్తయ్య