బ్లూటూత్ గుర్తు ఆపేస్తే సరిపోదు నాయనా

చిన్నా,

బరంపురం ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ఫైళ్లు వైర్‌లెస్‌గా ఫోన్లలోకి పోకుండా ఎలా ఆపాలని అడిగావుగా, అందుకే ఇది.

రాయగడలో నేను పనిచేసినచోట పెన్‌డ్రైవ్‌లు ఆపేసి ధీమాగా ఉన్నాం. ఒక కుర్రాడు జీతాల షీటు మీద రైట్ క్లిక్ కొట్టి, సెండ్ టూలో బ్లూటూత్ డివైస్ నొక్కి, పక్క బల్ల మీది ఫోన్‌లోకి పంపేశాడు. ఇంట్లో కూర్చుని పని పూర్తి చేద్దామనే పంపాడు పాపం, కానీ సాయంత్రానికల్లా ఎవరి జీతమెంతో క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోయింది. ఆ టెన్షన్ నీకొద్దు.

విండోస్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ ఆఫ్ చేస్తే ఎవరైనా మళ్లీ ఆన్ చేసుకుంటారు. అందుకని ముందు అందరినీ స్టాండర్డ్ యూజర్లుగా (ముఖ్యమైన మార్పులు చేసే అధికారం లేని ఖాతాలుగా) మార్చు, అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకో. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 నొక్కాలి) బ్లూటూత్ డిజేబుల్ చేసి, బయోస్‌కీ పాస్‌వర్డ్ పెట్టు. కేబుల్ నెట్ ఉన్న డెస్క్‌టాప్‌లకైతే వైఫై కూడా తీసెయ్. మౌస్ పోతుందని కంగారు పడకు, చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్ మౌస్‌లకు బ్లూటూత్‌తో పని లేదు, ఒకసారి వెనక పోర్టు చూస్తే తెలిసిపోతుంది.

నిజంగా బ్లూటూత్ హెడ్‌సెట్లు వాడేవాళ్లుంటేనే కాస్త పని. అక్కడ బ్లూటూత్‌ని ఉండనిచ్చి, ఫైళ్లు పంపే ఎఫ్ఎస్‌క్విర్ట్ (fsquirt.exe) అనే ప్రోగ్రామ్‌ని యాప్‌లాకర్‌తో (ఏ ప్రోగ్రామ్ నడవాలో, ఏది నడవకూడదో నిర్ణయించే విండోస్ సదుపాయం) ఆపు. ఆ ప్రోగ్రామ్ సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటుంది. దగ్గర్లోని కంప్యూటర్లకు వైర్‌లెస్‌గా ఫైళ్లు పంపే విండోస్ నియర్‌బై షేరింగ్ వేరే దారి, దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. గ్రూప్ పాలసీలో (అడ్మిన్ పెట్టే విండోస్ నియమాల పట్టికలో) 'కంటిన్యూ ఎక్స్‌పీరియన్సెస్ ఆన్ దిస్ డివైస్' డిజేబుల్ చేస్తే అదీ మూసుకుంటుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి ప్రో కొనిపించు, మొహమాటపడకు. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఫైళ్లు పంపే క్విక్ షేర్ యాప్ ఎవరైనా వేసుకున్నారేమో కూడా చూడు. బ్లూటూత్ అక్కర్లేని సిస్టమ్‌లలో, బయట దొరికే బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న పరికరం) తెచ్చి గుచ్చినా పనిచేయకుండా, గ్రూప్ పాలసీలోని డివైస్ ఇన్‌స్టలేషన్ పాలసీలో బ్లూటూత్ క్లాస్‌ని, అంటే ఆ రకం పరికరాలన్నిటినీ ఆపెయ్.

ఇవన్నీ చేసేముందు ఆఫీసు సర్వర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టి, ఎందుకు ఆపుతున్నావో ఒడియాలోనూ తెలుగులోనూ అందరికీ చెప్పు. దారి చూపించకుండా తలుపులేస్తే జనం కిటికీ వెతుక్కుంటారు, తప్పు వాళ్లది కాదు.

ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో సిస్టమ్ నుంచి నీ ఫోన్‌కే ఒక ఫైలు పంపి చూడు. ఏ మెషీన్ నుంచైనా వెళ్లిందంటే దాని నంబరు రాసుకుని రాత్రికి నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న