వేట నిషేధ భృతి జాబితాలో నాన్న పేరు లేదన్న ప్రశ్నకు

తమ్ముడూ, మీ నాన్న వేరేవాళ్ల ఇంజను తెప్ప మీద కళాసీగా, అంటే కూలికి, చేపల వేటకు వెళ్తారు, ఈసారి జాబితాలో పేరు లేదు అన్నావు. ఆధార్ తప్పేమో అని తిరుగుతున్నావు గానీ, అసలు చిక్కు తెప్ప దగ్గర ఉండి ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట ఆపినందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చే 20,000 రూపాయలకు పేర్లు తెప్ప లెక్కనే రాస్తారు. మత్స్యశాఖ వాళ్లు లెక్కకు వచ్చినరోజు ఓనరు ఎవరి పేర్లు చెబితే అవే ఎక్కుతాయి.

మా నాన్న పేరూ ఇలాగే పోయింది. లెక్కకు వచ్చినరోజు ఆయన గుజరాత్‌లోని వీరావల్ రేవు నుంచి ఇంకా ఇంటికి చేరలేదు. తెప్ప ఒడ్డునే ఉంది, ఆయన వల గుమ్మంలో కుప్పగా ఉంది, అయినా పేరు లేదు. ఆ రెండు నెలలూ అమ్మ ఎండుచేపల గంప మీదే ఇల్లు నడిచింది. అందుకే చెబుతున్నా, ఆలస్యం చెయ్యకు.

ముందు ఓనర్ని కలిసి, తెప్ప రిజిస్ట్రేషన్ నకలు తీసుకో. మీ నాన్న ఆ ఓనరు తెప్ప మీదే వేటకొస్తాడని ఆయనచేత సంతకం పెట్టించు. రెండూ జతచేసి మీ సచివాలయంలో మత్స్య సహాయకుడికి అర్జీ ఇవ్వు, రసీదు మాత్రం అడిగి తీసుకో. అక్కడ కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి అదే రసీదుతో వెళ్లు.

ఓనరు సంతకానికి వెనకాడితే ఇక్కడే రాయి, ఊరి పెద్దల్ని ఎలా కూర్చోబెట్టాలో చెబుతాను.